రెండు కంటైనర్లు, ఒక దుంగ

ఒక కంటైనర్ నేపుల్స్ రేవులో ఉంది. క్రేన్ దాన్ని ఓడలోకి ఎత్తుతుంటే గాల్లో ఊగిసలాడి, తలుపులు ఊడి తెరుచుకుంటాయి. లోపల్నుంచి శవాలు రాలిపడతాయి. ఇటలీలో పనిచేసి అక్కడే చచ్చిపోయిన చైనా వాళ్ళ శవాలవి. సొంత గడ్డ మీద పూడ్చిపెట్టడం కోసం సరుకులాగే ఓడెక్కుతున్నాయి. రొబెర్తో సవియానో 2006లో రాసిన ‘గొమొర్రా’ ఇలా మొదలవుతుంది.

ఇంకో కంటైనర్ యోకోహామా రేవులో ఉంది. దాని తలుపు తెరిస్తే లోపల్నుంచి మన పుష్పరాజ్ బయటికొస్తాడు. రోజుల తరబడి ఎర్రచందనం దుంగలతో పాటు అందులోనే ఉన్నాడు, ఉన్నన్నాళ్ళూ పుస్తకం చూసి జపనీస్ కూడా నేర్చేసుకున్నాడు. 2024 డిసెంబర్‌లో వచ్చిన ‘పుష్ప 2’ ఇలా మొదలవుతుంది. ఆ ఎపిసోడ్‌ని సినిమా తర్వాత ఎటు తిప్పిందన్నది పక్కన పెడదాం. నాకు ఆసక్తిగా అనిపించింది ఒకటే. అదే ఇనుప పెట్టె. ఒకదాంట్లోంచి పేరులేని శవాలొచ్చాయి, ఇంకోదాంట్లోంచి పేరున్న హీరో వచ్చాడు.

గ్లోబలైజేషన్ కాలపు నేరాన్ని మన కథలు ఎలా చెప్తున్నాయి అన్న ప్రశ్నకి ఈ రెండు పెట్టెల మధ్య ఉన్న తేడాయే మంచి మొదలు అనుకుంటున్నాను. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు, ఇంజనీరింగ్ చేసి కోడ్ రాసుకుంటున్నవాణ్ణి. కొన్నేళ్ళు సరుకు రవాణా లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. కాబట్టి కథలో కంటైనర్ కనబడగానే నాకు ముందు దాని కాగితాలు గుర్తొస్తాయి. అది ఎవరి పేరు మీద ఉంది, లోపల ఏముందని రాశారు, ఏ రేవులో ఎక్కి ఏ రేవులో చేతులు మారింది. ఈ వ్యాసం కూడా కొంచెం ఆ కాగితాల వైపునుంచే నడుస్తుంది.

*

మనం చదువుకుంటూ పెరిగిన నేరం వేరు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని తీసుకోండి. ఒక ఇల్లు, ఒక శవం, ఐదారుగురు అనుమానితులు. డిటెక్టివ్ వస్తాడు, ఆధారాలు ఏరుకుంటాడు, చివర్లో ఒకణ్ణి చూపిస్తాడు. మధుబాబు షాడో కాలానికి నేరం దేశాలు దాటింది. నిజమే, కానీ అక్కడ కూడా నేరమంటే బయటి శత్రువు. వాడికొక డెన్ ఉంటుంది, ఆ డెన్ పేలిపోతే కథ అయిపోతుంది. రెండింటి అడుగునా ఉన్న నమ్మకం ఒకటే: నేరానికి ఒక చోటు ఉంటుంది, ఒక మనిషి ఉంటాడు. వాణ్ణి పట్టుకుంటే అంతా సర్దుకుంటుంది.

ఆ నమ్మకాన్ని పాడుచేసిన వస్తువుల్లో కంటైనర్ ఒకటి. 1956 ఏప్రిల్‌లో మాల్కం మెక్లీన్ అనే ట్రక్కుల వ్యాపారి 58 పెట్టెల్ని ఒక పాత ట్యాంకర్ ఓడ మీద పేర్చి అమెరికాలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. సరుకుని మధ్యలో విప్పక్కర్లేకుండా లారీ నుంచి ఓడకి, ఓడ నుంచి రైలుకి మార్చొచ్చు. ఖర్చు పడిపోయింది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే వస్తువుల్లో చాలా భాగం ఈ పెట్టెల్లోనే తిరుగుతోంది. అయితే విప్పక్కర్లేకపోవడం చౌకతనానికి ఎంత కారణమో, స్మగ్లింగ్‌కీ అంతే కారణం. రేవుల్లో తెరిచి చూసే పెట్టెలు చాలా తక్కువ శాతం. అన్నీ తెరిస్తే ప్రపంచ వాణిజ్యం ఆగిపోతుంది. మిగతావాటికి కాగితమే సాక్ష్యం. బిల్ ఆఫ్ లేడింగ్‌లో ‘సరుకు వివరణ’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఎవరు ఏది టైప్ చేస్తే పెట్టెలో అదే ఉన్నట్టు.

ఇంకో సంగతి. మేం సాఫ్ట్‌వేర్‌లో ఒక పెద్ద పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకీ దాని పక్క ముక్క గురించి మాత్రమే తెలిసేలా రాస్తాం. ఒకటి పడిపోయినా మిగతావి నడుస్తాయి. దాన్ని మంచి డిజైన్ అంటాం. ఇప్పటి స్మగ్లింగ్‌కి ఉన్నదీ సరిగ్గా ఈ డిజైనే. చెట్టు కొట్టేవాడికి మేస్త్రీ తెలుసు. మేస్త్రీకి లారీ వాడు తెలుసు. లారీ వాడికి గోడౌన్ తెలుసు. వాళ్ళలో ఎవరికీ ఆ దుంగ చివరికి ఎవరింట్లో కుర్చీ అవుతుందో తెలీదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి చెట్టు కొట్టినవాడు ఉన్నాడనే తెలీదు. ఇందులో డెన్ ఎక్కడుంది, దేన్ని పేల్చాలి?

*

ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసలో మాత్రమే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ: దాదాపుగా మన కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతం, దాని చుట్టుపక్కల. బిరుసు నేల, తక్కువ వాన, నిదానంగా పెరిగే చెట్టు. బయటి తెల్లకొయ్యకి పెద్ద విలువ లేదు, లోపలి ఎర్రటి చేవకే విలువంతా. ఈ కొండల చుట్టూ ఉన్న ఊళ్ళలో ఆ చేవతో బొమ్మలు చెక్కేవాళ్ళు, మందుల్లో అరగదీసేవాళ్ళు. దానికోసం మనుషులు చావలేదు.

చావు వచ్చింది దూరపు మార్కెట్‌తో. చైనాలో దీన్ని జితాన్ అంటారు. చక్రవర్తుల కాలంలో రాజప్రాసాదాల్లో వాడిన కలప. ఆ దేశంలో కొత్త డబ్బు పుట్టాక పాత రాజుల కుర్చీ మీద మోజూ పుట్టింది. 1999లో బీజింగ్‌లో ఈ కలప పేరు మీదే ఒక ప్రైవేట్ మ్యూజియం తెరిచారు. ఏయే కలపల్ని ‘హోంగ్ము’ ఫర్నిచర్ అనొచ్చో 2000లో చైనా ఒక జాతీయ ప్రమాణమే రాసుకుంది. జపాన్‌లో షమిసెన్ అనే మూడు తీగల వాయిద్యానికి మేలురకం దండి దీనితోనే చేస్తారు.

ఇంకోవైపు చట్టం బిగుసుకుంటూ వచ్చింది. 1995లో ఎర్రచందనం సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలోని రెండో జాబితాలోకి ఎక్కింది. ఆ జాబితాలో ఉన్నవాటి వ్యాపారం అనుమతితోనే జరగాలి. మన దేశం కలప ఎగుమతిని దాదాపుగా నిషేధించింది. చెట్టు పెరిగేది ఒక్కచోట, కొనేవాళ్ళు ఇంకోచోట, మధ్యలో గోడ. ధర ఆ గోడ ఎత్తుని బట్టి పెరుగుతుంది. కొండ మీద కూలీకి కిలోల లెక్కన దక్కేదానికీ, అవతలి రేవులో అదే కలప పలికేదానికీ మధ్య తేడాయే ఈ వ్యాపారం మొత్తం.

ఇక్కడ తమాషా ఒకటుంది. నిషేధంలో ప్రభుత్వానికి మినహాయింపు ఉంది. పట్టుకున్న దుంగల్ని గ్రేడ్లుగా విడగొట్టి, లాట్లుగా పేర్చి, ఆన్‌లైన్ వేలంలో ప్రపంచంలో ఎవరికైనా అమ్మొచ్చు. 2014 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే చేసింది. రైతుల రుణమాఫీకి డబ్బు తెచ్చే దారుల్లో ఇదొకటని అప్పట్లో ప్రభుత్వమే చెప్పింది. అంటే అదే దుంగ, అదే అడవి, చివరికి బహుశా అదే కుర్చీ. కూలీ భుజం మీదుంటే దొంగ సొమ్ము, డిపోలో ఉంటే ఖజానా. నిషేధం తప్పని కాదు నేననేది, అది లేకపోతే ఈ పాటికి కొండలు బోడి అయ్యుండేవి. నేనడిగేది వేరు. ఈ వ్యాపారంలో రాజ్యం రిఫరీ మాత్రమేనా? నాకైతే ఆటగాడిలా కూడా కనబడుతోంది.

*

ఇప్పుడు ‘పుష్ప’ దగ్గరికొద్దాం. 2021లో వచ్చిన మొదటి భాగాన్ని సుకుమార్ జపాన్‌తోనే మొదలుపెట్టాడు. అది తీసిపారేసే విషయం కాదు. తెలుగు కమర్షియల్ సినిమా ఒక సరుకుని దాని అవతలి కొసనుంచి చూపించడం అరుదు. ఇంకో మంచి పని కూడా చేసింది. పుష్ప కూలీగా మొదలై ఎలా పైకొచ్చాడు? చాలా వరకు ధర తెలుసుకోవడం వల్ల. మంగళం శీను తమకి ఇచ్చేదెంత, చెన్నైలో తను అమ్ముకునేదెంత అన్నది తెలిసిన రోజునే అతని బతుకు మలుపు తిరుగుతుంది. కొట్లాటలన్నీ తీసేసి చూస్తే కథకి వెన్నెముక అదే: గొలుసులో తన పక్క ముక్కని దాటి చూసిన కూలీ. డిజైన్‌ని పగలగొట్టిన మొదటి మనిషి. ఇంత పాపులర్ సినిమాలో ఇంత సూటి ఆర్థికశాస్త్రం ఉండటం నాకు నిజంగా నచ్చింది.

కానీ ఆ చూపు అక్కడే ఆగిపోయింది. పుష్ప అసలు బాధ డబ్బు కాదు, ఇంటిపేరు. తండ్రి ఇంటిపేరు అతనికి దక్కదు. సవతి అన్న దక్కనివ్వడు. పెళ్ళిచూపుల్లో, స్టేషన్‌లో, ఎక్కడికెళ్ళినా అదే ముల్లు. మన సమాజంలో ఆ ముల్లు ఎంత లోతుగా దిగుతుందో తెలిసినవాళ్ళకి ఆ సీన్లు ఊరికే పోవు. నాకూ పోలేదు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఈ గాయం వల్ల మనం పుష్ప పక్షాన చేరిపోతాం, చేరాక అతను చేసే ప్రతిదీ ఆ గాయానికి మందులాగే కనిపిస్తుంది. రెండో భాగంలో ముఖ్యమంత్రి ఫోటో దిగనన్నందుకు ముఖ్యమంత్రినే మార్చేస్తానంటాడు. హాలంతా ఈలలు. ఆ మార్పుకి కావలసిన డబ్బు ఎన్ని టన్నుల చెట్లో ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటుంది?

అడవి ఈ సినిమాలో గోడౌన్. చెట్టు పడటం వినిపిస్తుంది గానీ, పడ్డాక అక్కడ ఏం లేకుండా పోయిందో కనిపించదు. పర్యావరణ నేరంలో ఉన్న పెద్ద చిక్కే ఇది. బాధితుడు కేసు పెట్టడు. శవం లేదు, ఏడ్చే కుటుంబం లేదు. నరికిన నష్టం ఏడాదికో, యాభై ఏళ్ళకో తెలుస్తుంది. కథకి కావలసిన ముఖం దానికి ఉండదు. ఆ ముఖం లేని నష్టాన్ని చూపించే పద్ధతి కనిపెట్టడమే రచయిత పని. సుకుమార్ ఆ పనికి పూనుకోలేదు.

రాజ్యం సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. సినిమాలో పోలీసులంటే లంచం తినేవాడు, తినని మొండివాడు, అహంకారి. షెకావత్‌కీ పుష్పకీ మధ్య జరిగేది ఇద్దరు మగాళ్ళ పరువు గొడవ. ఫహద్ ఫాజిల్ దాన్ని గొప్పగా చేశాడు, కాదనను. కానీ రాజ్యం చేసే హింసకి కోపమూ అహమూ కారణాలని చూపించడం ఎంత సుఖమైన అబద్ధమో చూడండి. ఆ మనిషిని మార్చేస్తే చాలు కదా అనిపిస్తుంది.

*

2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున శేషాచలం అడవుల్లో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు వాళ్ళు. చాలామంది తిరువణ్ణామలై, దాని చుట్టుపక్కల జిల్లాల నుంచి కూలికి వచ్చినవాళ్ళు. వాళ్ళలో జవ్వాదు కొండల గిరిజనులూ ఉన్నారు. రాళ్ళతో, గొడ్డళ్ళతో దాడి చేశారు కాబట్టి ఆత్మరక్షణ కోసం కాల్చామన్నారు పోలీసులు. చనిపోయినవాళ్ళలో కొందరిని ముందురోజే దారిలో పట్టుకున్నారని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ వాంగ్మూలాలు విన్నది, ఒక్కో కుటుంబానికి 5 లక్షల మధ్యంతర సాయం ఇవ్వమంది.

దీనికి ముందూ వెనకా కూడా ఉన్నాయి. 2013 డిసెంబర్‌లో ఇదే అడవిలో ఇద్దరు అటవీ అధికారుల్ని స్మగ్లింగ్ కూలీలు చంపేశారు. అది మరిచిపోయి మాట్లాడితే నిజాయితీ కాదు. 2018 ఫిబ్రవరిలో ఒంటిమిట్ట చెరువులో ఐదుగురి శవాలు తేలాయి. వాళ్ళూ తమిళ కూలీలే. అడవికాపరి చచ్చాడు, చెట్టు కొట్టేవాడు చచ్చాడు. ఇద్దరూ గొలుసులో కింది కొసనే ఉన్నారు. పై కొసన ఉన్నవాళ్ళు విమానాల్లో తిరిగారు. ఎర్రచందనం కేసుల్లో నిందితుడొకణ్ణి పట్టుకోవడానికి మారిషస్ దాకా వెళ్ళాల్సొచ్చింది. అతన్ని చంపలేదు, అరెస్టు చేసి 2015 నవంబర్‌లో వెనక్కి తీసుకొచ్చారు. అదే సరైన పద్ధతి. ఆ పద్ధతి కొండ మీద కూలీకి ఎందుకు వర్తించలేదన్నదే ప్రశ్న.

విలియం చాంబ్లిస్ అనే అమెరికన్ క్రిమినాలజిస్ట్ 1989లో రాజ్యమే నిర్వహించే నేరం గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. రాజ్యాలు తమ లక్ష్యాల కోసం తమ చట్టాల్నే ఎలా దాటుతాయో ఒకప్పటి సముద్రపు దొంగల నుంచి మొదలుపెట్టి చూపించాడు. ఆ దొంగలకి వెనక రాజులున్నారు. శేషాచలం ఆ వ్యాసంలో అచ్చంగా ఇమడదు. ఇక్కడ రాజ్యం స్మగ్లింగ్ చేయించలేదు, ఆపుతున్నానంది. కానీ ఒక సరుకు విలువ పెరిగినకొద్దీ దాన్ని కాపాడటం పేరుతో మనిషి ప్రాణం విలువ తగ్గించుకుంటూ పోవడం కూడా ప్రపంచ మార్కెట్ రాజ్యం చేత చేయించే పనే. దుంగకి లాటు నంబరుంటుంది, గ్రేడు ఉంటుంది, బరువు ఉంటుంది. కూలీకి పేపర్లో పడింది అంకె: 20.

ఆ సంఘటనకి ఆరేళ్ళ తర్వాత అదే అడవి, అదే కలప మీద వచ్చిన మన అతిపెద్ద కథలో ఆ అంకె లేదు. సినిమా చూసొచ్చాక మనకి గుర్తుండే కూలీ ఒక్కడే, వాడూ కూలీగా మిగల్లేదు. తమిళం మాట్లాడుతూ సరిహద్దు దాటి వచ్చి, రాత్రంతా దుంగ మోసి, తెల్లారేలోపు చచ్చిపోయిన మనిషి ఆ కథలో నాకెక్కడా కనబడలేదు. మన భాష వాడు కాకపోవడం ఒక కారణం కావచ్చు. అమెరికాలో, గల్ఫ్‌లో వలస తెలుగువాడి మీద మనకి బోలెడు కథలున్నాయి, ఉండాలి కూడా. మన నేలకి వలసొచ్చి చచ్చిపోయినవాడి మీద ఎన్ని ఉన్నాయి?

*

‘గొమొర్రా’ దోషాలు లేని పుస్తకమని నేననను. స్థానిక పత్రికల వార్తల నుంచి కొన్ని భాగాలు చెప్పకుండా వాడుకున్నాడని ఇటలీ కోర్టులే తేల్చాయి. ఆ కంటైనర్ కథలో ఎంత నిజమన్న అనుమానాలూ వచ్చాయి. ‘నేను చూశాను’ అన్న మాట మీద నిలబడ్డ పుస్తకానికి అది చిన్న మచ్చ కాదు. అదీగాక సవియానో గొంతులో కూడా హీరోయిజం ఉంది. మాఫియా బెదిరింపుల వల్ల 2006 అక్టోబర్ నుంచి పోలీసు రక్షణలో బతుకుతున్నవాడు కాబట్టి అనడానికి మనకి నోరు రాదు గానీ, ఉంది.

అయినా ఆ పుస్తకం చేసిన పని ‘పుష్ప’ చేయలేదు. సవియానో డాన్ల కథ తక్కువ చెప్తాడు, సరుకుల కథ ఎక్కువ చెప్తాడు. నేపుల్స్ పక్క ఊళ్ళో కూలి లెక్కన బట్టలు కుట్టే ఒక టైలర్ తను కుట్టిన సూట్‌ని టీవీలో చూస్తాడు. ఆస్కార్ వేడుకలో ఆంజెలినా జోలీ వేసుకుని ఉంటుంది. అది నేనే కుట్టానని ఎవరికీ చెప్పుకోలేడు. పుస్తకంలో తుపాకులు పేలే పేజీలు బోలెడున్నా, నాకు మిగిలింది ఈ పేజీ. ఇక్కడ కూడా ఒక మనిషి గొలుసు అవతలి కొసని చూశాడు, పుష్పలాగే. కానీ పైకి పోలేదు. చూడగలిగినంత మాత్రాన ఎవరూ పైకి పోరు. మామూలుగా జరిగేది అదే.

చివరి అధ్యాయం చెత్త గురించి. ఇటలీ ఉత్తరాది ఫ్యాక్టరీల విషపు వ్యర్థాల్ని కమోరా ముఠాలు తక్కువ ధరకి తీసుకుని దక్షిణాది పొలాల్లో పూడ్చేశాయి, కాల్చేశాయి. ఇక్కడ నేరస్థుడు మంచి కంపెనీకి శత్రువు కాదు, సర్వీస్ ప్రొవైడర్. కంపెనీకి ఖర్చు తగ్గింది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. ‘సరుకు వివరణ’ గడిలో ఏదో ఒకటి ఉంది. మరి రాజ్యానికి తెలీదా? తెలుసు. ముఠాలోంచి బయటికొచ్చిన ఒక పెద్ద తలకాయ 1997లోనే పార్లమెంటు కమిటీ ముందు ఈ సంగతి చెప్పాడు. ఆ వాంగ్మూలం 2013 దాకా రహస్యంగా ఉంచారు. ఆ పదహారేళ్ళూ జనం ఆ నేల మీద పండింది తిన్నారు. 2025 జనవరి 30న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇటలీ ఆ ప్రజల జీవించే హక్కుని కాపాడలేకపోయిందని తీర్పిచ్చింది. పుస్తకం వచ్చిన పంతొమ్మిదేళ్ళకి.

పుస్తకం వల్లే తీర్పొచ్చిందని నేను చెప్పడం లేదు. పోరాడింది అక్కడి జనం. కానీ వాళ్ళ బాధకి ఒక కథ ఉంది, ఆ కథలో డాన్‌తో పాటు కంపెనీ ఉంది, దళారీ ఉన్నాడు, కళ్ళు మూసుకున్న అధికారి ఉన్నాడు. ఆ కథ చదివినవాడు ఒక్కణ్ణే విలన్ అనుకుని పుస్తకం మూసెయ్యలేడు.

*

నేర కథ నుంచి మనం కోరుకునే సుఖం ఏంటంటే, చివర్లో ఎవరో ఒకరి మీదికి వేలు చూపించగలగడం. గ్లోబలైజేషన్ ఆ సుఖాన్ని తీసేసింది. దానికి కథలు రెండు రకాలుగా బదులిస్తున్నాయి. ఒకటి, ఇంత పెద్ద యంత్రాన్ని ఒంటి చేత్తో తిప్పగల మనిషిని సృష్టించడం. యంత్రం ముందు రోజూ చిన్నవాళ్ళమైపోతున్న మనకి అది కావాలి, అందుకే ‘పుష్ప’ అన్ని భాషల్లోనూ ఆడింది. రెండోది, యంత్రాన్నే ముక్కముక్కగా విప్పి చూపించడం. అందులో ఈలలు ఉండవు. పేజీలు బరువుగా ఉంటాయి. రచయిత కస్టమ్స్ కాగితాలు, ఎఫ్ఐఆర్‌లు, కూలి రేట్లు చదవాలి. రెండూ ఉండొచ్చు, మొదటిదాన్ని ఎంజాయ్ చేసినందుకు ఎవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు. తెలుగులో రెండోది దాదాపు లేకపోవడమే నా ఫిర్యాదు.

కావలసిన సరంజామా అంతా మన దగ్గరే ఉంది. శేషాచలం కొండ, తిరుపతి బస్టాండు, కమిషన్ ముందు చెప్పిన వాంగ్మూలాలు, వేలం నోటీసులు, రేవులు. తమిళం తెలిసిన తెలుగువాళ్ళు చిత్తూరు నిండా ఉన్నారు. ఎవరైనా ఒకరు ఒక్క దుంగని పట్టుకుని, అది నిలబడ్డ చోటునుంచి కుర్చీ అయిన గది దాకా నడిస్తే చాలు. దారిలో ఎదురైన ప్రతి మనిషి పేరూ అడిగి రాసుకోవాలి. కొండ మీద పడిపోయినవాడి పేరుతో సహా.